టీచరుకు ఒక పిల్లవాడు, తల్లికి ఇంకో పిల్లవాడు: ఈ మానసిక సర్వేలను ఎంతవరకు నమ్మాలి?

సోషల్ సారు (దేవరకొండ దగ్గర)
అందరికీ నమస్తే. మా హైస్కూల్‌కు ఒక రీసెర్చ్ స్టూడెంట్ వచ్చింది, పిల్లల ప్రవర్తన, మానసిక ఆరోగ్యం మీద పీహెచ్‌డీ చేస్తుందట. ఎస్‌డీక్యూ అని పాతిక వాక్యాల ఫారం ఇచ్చింది. కుదురుగా కూర్చుంటాడా, కోపం ఎక్కువా, తోటి పిల్లలకు సాయం చేస్తాడా, ఊరికే భయపడతాడా, ఇట్లాంటివి. ఒక్కోదానికి నిజం కాదు, కొంత నిజం, పూర్తిగా నిజం అని టిక్కు పెట్టాలి. క్లాస్ టీచర్‌గా నేనొకటి, ఇంట్లో వాళ్ళొకటి, పిల్లలు తమ గురించి తామే ఒకటి.

ఇప్పుడు నా డౌటు. ఒక పిల్లవాడున్నాడు, క్లాసులో నాకు బీపీ తెప్పించేది వాడే. నేను నింపితే దాదాపు అన్నీ చెడ్డవైపే పడ్డాయి. వాళ్ళమ్మకు చదువు రాదు కాబట్టి రీసెర్చ్ అమ్మాయే స్టాఫ్‌రూంలో కూర్చోబెట్టి ఒక్కొక్కటి చదివి అడిగింది, నేను పక్కనే పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆమె చెప్పింది వింటే ఊళ్ళో వీడంత బుద్ధిమంతుడు లేడు! పొద్దున లేచి బర్రెలకు గడ్డి వేసి, చెల్లెకు జడ వేసి బడికి వస్తాడట. పిల్లవాడు నింపింది కవరులో పెట్టి అతికించారు, అది నేను చూడలేదు, చూడకూడదు కూడా.

ఒకే పిల్లవాడు, రెండు ఫారాలు, ఎక్కడా పొంతన లేదు. వీటిని కంప్యూటర్‌లో వేసి ఇంత శాతం మందికి సమస్య ఉంది అని పేపర్లో రాస్తే దానికి విలువేంటి? స్టాఫ్‌రూంలో అందరూ ‘ఆమెకు డిగ్రీ వస్తది, మనకు టీ ఖర్చు’ అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పేపరు పురుగు (సొంతూరు వనపర్తి, ఉండేది హైదరాబాద్)
సార్, మీ డౌటు చాలా పాతది. 1987లో ఆకెన్‌బాక్, మెక్‌కానహీ, హోవెల్ అని ముగ్గురు అప్పటికి వచ్చిన 119 అధ్యయనాలను కలిపి సరిగ్గా ఇదే లెక్క చూశారు. ఇద్దరు మనుషులు ఒకే పిల్లవాడి గురించి చెప్పేది ఎంత కలుస్తుంది అని. పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0 అనుకోండి. అమ్మ, నాన్న లాగా ఒకేచోట చూసేవాళ్ళ మధ్య సగటు 0.60 వచ్చింది. తల్లిదండ్రులు, టీచర్ల లాగా వేరే చోట్ల చూసేవాళ్ళ మధ్య 0.28. పిల్లలు తమ గురించి చెప్పేదానికీ పెద్దవాళ్ళు చెప్పేదానికీ 0.22 మాత్రమే. కాబట్టి దేవరకొండలో వింతేమీ జరగలేదు, అన్ని దేశాల్లోనూ ఇంతే.

అయితే దీన్ని చూసి ఎవరో ఒకరు తప్పు చెప్తున్నారు అనుకోవద్దు. ఇంట్లో బుద్ధిగా ఉండి బడిలో అల్లరి చేసేవాడు నిజంగానే ఉంటాడు. బడిలోనే సమస్య అంటే లెక్కలు రావట్లేదా, ఎవరైనా ఏడిపిస్తున్నారా, బోర్డు కనిపించట్లేదా అని బడిలో వెతకాలి. రెండుచోట్లా ఒకేలా ఉంటే అది వేరే కథ. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) అని చెప్పాలన్నా లక్షణాలు కనీసం రెండు చోట్ల కనిపించాలని డాక్టర్ల నియమం. మంచి రీసెర్చ్ అయితే ఈ మూడు ఫారాలను కలిపి ముద్ద చేయదు, విడివిడిగా చూపిస్తుంది.

అచ్చంపేట అమ్మ
పురుగు తమ్ముడూ, నువ్వు లెక్కలు బాగానే చెప్పావు కానీ అసలు సంగతి వదిలేశావు. కొడుకును తిట్టే సారు పక్కన కూర్చొని వింటుంటే ఏ తల్లి అయినా మావాడు బంగారం అనే అంటుంది! లేదంటే రేపు ఆ సారు క్లాసులో ఎట్లా చూస్తాడో అని భయం ఉండదా? ఇంటికి పోయి, గడప మీద కూర్చొని అడిగితే ఆమె ఏం చెప్పేదో. సోషల్ సారు ఏమీ అనుకోవద్దు.

ఇంకో మాట. మీ టీచర్లందరికీ కనిపించేది గోల చేసేవాడే. మూల కూర్చొని నోరు విప్పని ఆడపిల్ల ఎవరికీ కనిపించదు, పైగా ‘చాలా మంచి పిల్ల’ అంటారు. మా పెద్దది తొమ్మిదిలో అట్లాగే ఉండేది. ప్రోగ్రెస్ కార్డులో ‘గుడ్’ అని రాశారు. అది అన్నం తినడం మానేసింది, రాత్రి నిద్ర లేదు, మేమే ఆలస్యంగా గుర్తుపట్టాం.

పేపరు పురుగు
అక్కా, స్టాఫ్‌రూం సంగతి ఒప్పుకుంటాను, వేరే గదిలో అడగాల్సింది. మీరు చెప్పిన రెండో దానికి రీసెర్చ్‌లో పెద్ద చరిత్రే ఉంది. పైకి కనిపించేవి, అంటే కొట్లాట, అబద్ధాలు, అల్లరి ఒక గుంపు. లోపల మగ్గేవి, అంటే భయం, దిగులు, కారణం లేని కడుపునొప్పి ఇంకో గుంపు. మొదటివాటిలో టీచరు, తల్లి మాట కొంచెమైనా కలుస్తుంది, రెండోవాటిలో అది కూడా తక్కువ. దిగులు గురించి ఎవరికైనా తెలిస్తే ముందు పిల్లకే తెలుస్తుంది. అందుకే పదకొండేళ్ళు దాటితే వాళ్ళ చేతికే ఫారం ఇస్తారు.

నకిరేకల్ నిజం
నేను ఒకటే అడుగుతా. పిల్లల్లో మానసిక సమస్య ఒకచోట ఏడు శాతం మందికి అంటారు, ఇంకోచోట ఏడుగురిలో ఒకరికి అంటారు, ఎవరి లెక్క వాళ్ళది. మా కాలంలో పిల్లవాడు మాట వినకపోతే సారు బెత్తం అందుకునేది, సెట్ అయ్యేవాళ్ళం. ఇప్పుడు ప్రతిదానికీ ఒక రోగం పేరు. కొంత వయసొస్తే అదే పోతది.

పేపరు పురుగు
ముందు శాతాలు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. తెలంగాణ లేదు, ఆంధ్ర కూడా లేదు. కాబట్టి ఎవరైనా ‘నల్గొండలో 7.3 శాతం’ అని రాస్తే నమ్మకండి. ఏడుగురిలో ఒకరు అనేది డబ్ల్యూహెచ్‌వో మాట, 10–19 ఏళ్ళ వాళ్ళకు, ప్రపంచమంతా కలిపి. వయసు వేరు, దేశాలు వేరు, అడిగే పద్ధతి వేరు, అంకె మారక ఏం చేస్తుంది?

‘వయసొస్తే పోతది’ అన్నది సగం నిజం అన్నా, వెక్కిరించట్లేదు. న్యూజిలాండ్‌లో డనిడిన్ అనే ఊళ్ళో 1972–73లో పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా వెంబడించి చూస్తున్నారు. అక్కడి పిల్లలను చూసే టెర్రీ మాఫిట్ 1993లో ఒక మాట చెప్పింది. టీనేజీలో దారి తప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆ వయసుతోనే ఆపేస్తారు, కొద్దిమంది మాత్రం మూడు నాలుగేళ్ళ వయసు నుంచే మొండిగా, కొట్లాటగా ఉండి పెద్దయినా అట్లాగే కొనసాగుతారు అని. చిక్కేమిటంటే పద్నాలుగేళ్ళప్పుడు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. చిన్నప్పుడెట్లా ఉండేవాడో అడిగితేనే తేడా తెలుస్తుంది, అది చెప్పగలిగేది బర్రెలకు గడ్డి వేస్తాడన్న ఆ తల్లే.

బెత్తం సంగతి నన్ను అడగొద్దు, వేరేవాళ్ళు చెప్తారులే.

ఆర్‌బీఎస్‌కే చెల్లె (నాగర్‌కర్నూల్ జిల్లా, బడులకు వచ్చి పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ బృందం)
నేను చెప్తా. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17, బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. అది చట్టం. రీసెర్చ్ అంటే 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు 75 అధ్యయనాలు, లక్షా అరవై వేల మంది పిల్లల సమాచారం కలిపి చూశారు. అది ఇంట్లో అమ్మానాన్నలు చేత్తో కొట్టే దెబ్బల గురించి, బెత్తం కూడా కాదు. దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, కోపం, దిగులు ఎక్కువే కనిపించాయి, బాగుపడినట్టు ఎక్కడా తేలలేదు.

నకిరేకల్ నిజం
అల్లరి చేసేవాడికే దెబ్బలు పడతాయి కదా చెల్లే? దెబ్బల వల్ల అల్లరా, అల్లరి వల్ల దెబ్బలా?

ఆర్‌బీఎస్‌కే చెల్లె
మంచి ప్రశ్న అన్నా, శాస్త్రవేత్తలు కూడా దీని మీదే కొట్లాడుకుంటారు. అందుకే ఒక్కసారి అడిగి వదిలేసిన సర్వేల కంటే ఏళ్ళ తరబడి వెంబడించిన వాటికి విలువెక్కువ. వాటిలో మొదట్లో అల్లరి ఎంతుందో లెక్కలో తీసుకున్నాక కూడా, దెబ్బలు తిన్నవాళ్ళు తర్వాత ఇంకొంచెం మొండికేస్తున్నారు. తేడా పెద్దదేం కాదు, కానీ మంచివైపు మాత్రం లేదు.

మక్తల్ తాత
నా మనవడు టైపు చేసి పెడుతున్నాడు. నా కొడుకు, కోడలు పుణెలో బిల్డింగ్ పనికి పోతారు, ఇద్దరు పిల్లలు మా దగ్గరే. మా దిక్కు ఇది తాతల నాటి నుంచి ఉన్నదే, పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. పెద్దవాడు పర్వాలేదు. చిన్నవాడు మాత్రం అమ్మానాన్నలు పీర్ల పండుగకు వచ్చి పోయాక పదిహేను రోజులు మనిషి కాడు. అన్నం గిన్నె విసిరేస్తాడు, అవ్వను కొడతాడు. ఫోన్ ఇస్తే ఊకుంటాడు. ఫోన్ వల్లే చెడిపోయాడు అని కోడలు మమ్మల్ని అంటుంది. నిజంగా ఫోన్ వల్లేనా?

పేపరు పురుగు
తాతా నమస్తే. ముందు పిల్లలను విడిచి వలసపోవడం గురించి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 111 అధ్యయనాలను కలిపి చూసిన పెద్ద పని వచ్చింది. అమ్మానాన్నలు వలసపోగా ఊళ్ళో మిగిలిన పిల్లలకు డిప్రెషన్ ముప్పు మిగతావాళ్ళ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, ఆందోళన ముప్పు ఇంకా ఎక్కువ అని తేలింది. కానీ వాటిలో 91 చైనావే. మన మక్తల్, నారాయణపేట, కోస్గి పిల్లల మీద అంత పని ఎవరూ చేసినట్టు నాకు కనిపించలేదు, చేయాల్సింది ఇక్కడే! అక్కడి పిల్లలు చాలామంది మీ మనవళ్ళలాగే అవ్వాతాతల దగ్గర పెరిగినవాళ్ళే కాబట్టి మనకు పనికిరాదని కూడా అనలేం.

ఫోన్ గురించి ఇంత భయం అక్కర్లేదు. 2019లో ఆర్బెన్, ప్రిజిబిల్‌స్కీ మూడున్నర లక్షల మంది టీనేజీ పిల్లల సమాచారం జల్లెడ పట్టారు. ఒకరు హుషారుగా, ఇంకొకరు దిగులుగా ఉండడంలో ఉన్న తేడాలో ఫోన్లు, టీవీలు, కంప్యూటర్లు అన్నీ కలిపినా చెప్పగలిగింది 0.4 శాతం మాత్రమే. అది సగటు, ఒక్కో పిల్లవాడి సంగతి వేరుగా ఉండొచ్చు, పైగా మీవాడు చిన్నవాడు.

మీ ఇంట్లో నాకు కనిపించేది వేరే. జెరాల్డ్ ప్యాటర్సన్ అని అమెరికాలో ఒరెగాన్‌లో ఇళ్ళకే పోయి కూర్చొని చూసిన మనిషి. ఆయన 1982లో రాసింది ఇది. పిల్లవాడు అరుస్తాడు, పెద్దలు వద్దంటారు, ఇంకా గట్టిగా అరుస్తాడు, పెద్దలు విసిగి ఇచ్చేస్తారు. పిల్లవాడికి గిన్నె విసిరితే ఫోన్ వస్తుందని తెలిసింది. పెద్దలకు ఫోన్ ఇస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని తెలిసింది. అంటే ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఇద్దరి తప్పూ కాదు, కానీ రోజురోజుకూ గిన్నె గట్టిగా పడుతుంది.

అచ్చంపేట అమ్మ
తాతా, పురుగు పుస్తకాలు పక్కన పెట్టి నేను చెప్తా వినండి. ఫోన్ ఇవ్వాలనుకుంటే వాడు విసరక ముందే ఇవ్వండి, అన్నం తిన్నాక ఇంతసేపు అని. విసిరాక మాత్రం ఇవ్వొద్దు. మొదటి వారం ఇంకా ఎక్కువ చేస్తాడు, అవ్వకు చెప్పి పెట్టండి, లేకపోతే ఆమె జాలిపడి ఇచ్చేస్తుంది. తిన్నరోజు, విసరని రోజు మెచ్చుకోండి, మనం తిట్టేటప్పుడు గుర్తుపెట్టుకుంటాం కానీ ఇది మర్చిపోతాం. ఇంకా పుణె నుంచి వీడియో కాల్ రోజూ ఒకే టైంకు చేయమనండి. కోడలితో కూడా గొడవ తగ్గుతుంది.

ఆర్‌బీఎస్‌కే చెల్లె
అక్క చెప్పిందే పద్ధతి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా 3 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో ఇట్లాంటి మొండి ప్రవర్తనకు ముందు పెద్దవాళ్ళకు శిక్షణ ఇవ్వమనే చెప్తుంది, మందులు కాదు.

మునుగోడు నీళ్ళు
అందరూ ఇల్లు, బడి అంటున్నారు, మా దగ్గర నీళ్ళ సంగతి ఎవరూ అడగరేం? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోరునీళ్ళు తాగి ఎముకలు వంకరపోయిన ఊళ్ళు మావి. ఫ్లోరైడ్ వల్ల పిల్లల బుర్ర కూడా దెబ్బతింటదని వాట్సాప్‌లో వస్తుంది. మా పిల్లల అల్లరికి అదే కారణమా?

పేపరు పురుగు
అన్నా, ఇది వాట్సాప్ పుకారు కాదు, కానీ అందులో చెప్పినంతా కూడా కాదు. 2024లో అమెరికా ప్రభుత్వానికి చెందిన ఎన్‌టీపీ సంస్థ నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగే చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉందని, ఆ మాట మీద తమకు ఒక మోస్తరు నమ్మకం ఉందని చెప్పారు. అది తెలివితేటల లెక్క, అల్లరి లెక్క కాదు. ఇప్పుడు ఇంటికి మిషన్ భగీరథ నీళ్ళు వస్తుంటే తాగడానికి, వండడానికి అవే వాడండి, పొలం దగ్గర బోరునీళ్ళు తాగకుండా చూడండి. పిల్లవాడు కొట్లాడితే మాత్రం నీళ్ళ మీద తోసేసి ఊరుకోవద్దు.

ఆర్‌బీఎస్‌కే చెల్లె
ఫ్లోరైడ్ కంటే నాకు రోజూ కనిపించేది రక్తహీనత. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి ఉందని వచ్చింది. రక్తం లేని పిల్ల మందకొడిగా, చిరాకుగా ఉంటే ‘బద్ధకం’ అంటారు. మేం బడికి వచ్చినప్పుడు ఐరన్ మాత్రలు, చూపు, వినికిడి ముందు చూస్తాం. చెవిలో చీము పట్టి సగం వినపడని పిల్లవాడు మాట వినడు అంటే ఏం చెప్తాం!

సోషల్ సారు, మీవాడి వయసు కూడా చూడండి. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షల మంది పిల్లల రికార్డులు చూస్తే, క్లాసులో అందరికంటే చిన్నవాళ్ళయిన డిసెంబర్‌లో పుట్టిన మగపిల్లలకు జనవరిలో పుట్టినవాళ్ళ కంటే 30 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ అని రాశారు, ఆడపిల్లలకైతే 70 శాతం ఎక్కువ. 2012లో వచ్చింది అది. మన దగ్గర సగంమందికి పుట్టినతేదీ బడిలో చేర్చిన రోజు సారు రాసిందే. ఎనిమిదిలో ఉన్నవాడు నిజంగా పన్నెండేళ్ళవాడో పద్నాలుగేళ్ళవాడో తల్లిని అడగాలి.

హాస్టల్ పాత బ్యాచ్ (కల్వకుర్తి)
నేను గురుకులంలో చదివాను, ఎక్కడ అనేది వద్దు. ఈ చర్చలో ఒకటి మిస్ అవుతోంది. పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి? మా హాస్టల్‌లో సీనియర్లు చేసేది సారుకు చెప్తే సారు వాళ్ళనే పిలిచి అడిగేవాడు, ఆ రాత్రి మా పని అయిపోయేది. టీచరే కౌన్సెలర్ అంటే కుదరదు, మార్కులు వేసేవాడికి మనసులో మాట ఎవడు చెప్తాడు?

పేపరు పురుగు
తమ్మీ, నువ్వు చెప్పినదాన్ని బిహార్‌లో పరీక్షించి చూశారు. నలందా జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్ళు, ‘సెహెర్’ అని పేరు, 2018లో లాన్సెట్‌లో వచ్చింది. కొన్ని బడుల్లో ఒక టీచరుకే శిక్షణ ఇచ్చి ఈ పని అప్పగించారు, కొన్నిటిలో బయటి నుంచి ఒక మనిషిని పెట్టారు, డాక్టరు కాదు, సైకాలజిస్టు కాదు, మామూలు మనిషికి శిక్షణ ఇచ్చి. మిగతావాటిలో ఇవి రెండూ లేవు. పని ఒకటే, గోడపత్రిక, ప్రార్థనలో మాటలు, పేరు రాయకుండా కష్టం రాసి వేసే పెట్టె, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం. బయటి మనిషి ఉన్న బడుల్లో వేధింపులు తగ్గాయి, దిగులు తగ్గింది, బడి వాతావరణం మారింది. టీచరే చేసిన బడుల్లో, ఇవి రెండూ లేని బడులకూ వాటికీ తేడా లేదు.

మొత్తం రీసెర్చ్‌లో మన గురుకులాలకు, హైస్కూళ్ళకు దీనంత దగ్గరగా వచ్చింది ఇంకోటి లేదని నా అభిప్రాయం. బిహార్‌లో అయింది ఇక్కడ ఎందుకు కాదు?

సోషల్ సారు
టీచర్‌గా ఇది చదివితే కొంచెం గుచ్చుకుంది. కానీ జనగణన, ఎన్నికల డ్యూటీ, మధ్యాహ్న భోజనం లెక్కలు, వాటి మీద ఇది కూడా అంటే అట్లాగే అవుతుంది మరి.

అచ్చంపేట అమ్మ
ఒకటి అడగాలి, సిగ్గుపడితే లాభం లేదు. మా పెద్దదానికి ఇప్పుడు ఇంటర్. రిజల్ట్స్ టైంలో టీవీ చూస్తే నాకు గుండె దడ. చచ్చిపోవాలనిపిస్తుందా అని దాన్ని నేరుగా అడగొచ్చా? మా అత్తమ్మ ‘లేని ఆలోచన నువ్వే పెడతావు’ అంటుంది.

ఆర్‌బీఎస్‌కే చెల్లె
అడగొచ్చు అక్కా, అడగాలి. మీ అత్తమ్మ భయమే చాలామందికి ఉంటుంది కాబట్టి దాన్ని పరీక్షించారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది పిల్లలతో, 2005లో వచ్చింది. సగంమందిని ఆ ప్రశ్న అడిగారు, సగంమందిని అడగలేదు. అడిగినవాళ్ళలో బాధ గానీ ఆ ఆలోచన గానీ పెరగలేదు. అప్పటికే దిగులులో ఉన్నవాళ్ళకు అడిగాక కొంచెం తేలికైనట్టు కూడా కనిపించింది. నెమ్మదిగా, పక్కన కూర్చొని అడగండి, తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే అదే రోజు ఇంట్లో నుంచి తీయించేయండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ నంబరు 14416, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు లేదు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. హైదరాబాద్ పోగలిగితే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, దాని పేరు వింటేనే మన వాళ్ళు జడుసుకుంటారు గానీ అక్కడ ఓపీకి రోజూ మామూలు జనమే పోతారు.

అచ్చంపేట అమ్మ
ఈ ఆదివారం హాస్టల్ నుంచి వస్తుంది. అడుగుతా.

నకిరేకల్ నిజం
చెల్లే, 14416 రాసిపెట్టుకున్నా. మా బామ్మర్ది కొడుకు ఉన్నాడు, తర్వాత మెసేజ్ చేస్తా.

సోషల్ సారు
అందరికీ థాంక్స్. ఆ పిల్లవాడి తల్లి దగ్గరికి సాయంత్రం పోయి వచ్చాను, ఫారం లేకుండా ఊరికే. వాడి పుట్టినతేదీ రికార్డులో ఉన్నదానికి ఏడాదిన్నర తేడా ఉంది, వాడు చిన్నవాడే. అన్నయ్య బడి మానేస్తే ఇంట్లో ఉంచలేక ముందే చేర్చారట. ఇంకా చూపు పరీక్ష మిగిలింది, ఈసారి ఆర్‌బీఎస్‌కే బండి వచ్చినప్పుడు మొదట వాడినే చూపిస్తా.

రీసెర్చ్ అమ్మాయి రెండో విడత ఫారాలు తెస్తుంది. పీఈటీ సారుకు కూడా ఒకటి ఇవ్వమని అడిగాను, వాడు గ్రౌండ్‌లో ఎట్లా ఉంటాడో ఆయనకే తెలుసు. కుదరదంది, మధ్యలో పద్ధతి మారిస్తే గైడు ఒప్పుకోడట.

పేపరు పురుగు
ఆమె చెప్పింది కరెక్టే సార్, మొదటి విడతకూ రెండో విడతకూ పోల్చాలంటే చూసేవాళ్ళు మారకూడదు. పీఈటీ సారును మీరే విడిగా అడగండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. తల్లుల ఫారాలు మాత్రం స్టాఫ్‌రూంలో వద్దని ఆమెకు గట్టిగా చెప్పండి, అంగన్‌వాడీలో గానీ పంచాయతీ ఆఫీసులో గానీ కూర్చోబెట్టమనండి.

సోషల్ సారు
అంగన్‌వాడీ ఆయమ్మతో మాట్లాడాను, మధ్యాహ్నం మూడు తర్వాత ఖాళీ అంటుంది.